గుర్రపు వెంట్రుక నుంచి తంగూసు దాకా

సముద్రపు ఒడ్డు గ్రామాలలో సేద్యం చేసుకునే మీకు చేపలవేట సంగతి కొత్తది కాదు. నాట్లు పడిపోయి కోతలు రానంతవరకు దొరికే తీరిక రోజుల్లో ఒడ్డున నిలబడి గాలం విసిరేవారు మీలోనూ వున్నారు. ఇప్పుడు మీ యింట పెరిగిన కుర్రవాళ్ళు చేతిగాలం వదలి, గెడకు బిగించే స్పిన్నింగు రీలు కొనుక్కుంటున్నారు. గెడ కొన్నారు, రీలు కొన్నారు. దుకాణం మెట్టు దిగబోతూ ఒక ప్రశ్న వేస్తారు: "దీనికి ఏ దారం చుట్టమంటారు?"

చూడడానికి చిన్న ప్రశ్నే. కాని డబ్బు పోయేదీ, చేప పోయేదీ ఇక్కడనే. దారం మరీ లావైతే ఎర దూరం పోదు. మరీ సన్నమైతే చేప గాలాన్ని నోట పెట్టుకునే పోతుంది. తగని దారమైతే నాలుగు విసుర్లకే చిక్కులుపడి, కత్తితో కోసి ఇసుకలో పారవెయ్యవలసి వస్తుంది. ఆ పారవేసిన దారం ఏమవుతుందో చివర చెప్పుకుందాం. ముందుగా ఈ దారం మన చేతికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. ఎందుకంటే ఇవాళ దుకాణంలో కనిపించే ప్రతి దారమూ వెనకటి దారంలోని ఒక లోపాన్ని తీర్చడానికి పుట్టినదే. ఆ లోపమేమిటో తెలిస్తే ఎంపిక దానంతటదే తేలుతుంది.

మొదట ఒక సంగతి గమనించండి. 1930ల దాకా ప్రపంచంలో గాలపు దారమన్నది పూర్తిగా రైతు ఇంటి సరుకు. గుర్రపు తోక వెంట్రుక, పట్టుపురుగు, అవిసెనార, పత్తి, జనుము ఇవే దానికి ఆధారం. పొలమూ కొట్టమూ లేకపోతే గాలం లేదన్నమాట.

ఇంగ్లండులో గాలపు వేటను గురించి అచ్చయిన మొట్టమొదటి గ్రంథం 1496లో వెలువడింది. వింకిన్ ద వర్డ్ అనే ముద్రాపకుడు అచ్చువేశాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని ఆ దేశంలో చెప్పుకుంటూ వచ్చారు. గుర్రపు తోక వెంట్రుకలు ఏరి, రంగు వేసి, పేని దారం చేసే పద్ధతి అందులో వివరంగా వున్నది. ఏ చేపకు ఎన్ని వెంట్రుకల దారం కావాలో కూడా లెక్క కట్టి చెప్పారు. చిన్న చేపకు ఒక్క వెంట్రుక చాలు, పెద్ద చేపకు ఎన్నో కలిపి పేనాలి. గెడ దగ్గర లావుగా, గాలం దగ్గర సన్నగా వచ్చేటట్లు దారాన్ని క్రమంగా తగ్గించుకుంటూ పోవడం ఆనాడే తెలుసు.

అందులోనూ మగ గుర్రం తోక వెంట్రుకనే కోరుకొనేవారు. ఆడ గుర్రం తోక మూత్రంలో తడుస్తుంది గనుక ఆ వెంట్రుక బలం తగ్గుతుందని వారి అనుభవం. పశువుల దగ్గర బ్రతికినవాడికి గాని ఇలాంటి మాట తోచదు.

ఆ దారంలో లోపం ఏమిటంటారా? వెంట్రుక పొడవు తక్కువ. ముడిమీద ముడి వేసి అతకాలి. కనుక దాన్ని గెడ కొనకు కట్టి, గెడ అందినంత దూరమే వేట చెయ్యగలిగేవారు. చెరువు గట్టుకూ, యేటి ఒడ్డుకూ అది చాలింది. సముద్రపు కెరటం దాటించడానికి చాలలేదు.

తరువాత వచ్చినది పట్టు. పట్టుదారాన్ని అల్లి, నూనె పట్టించి వాడారు. అంతకంటె విచిత్రమైనది పట్టుపురుగు పొట్టలోని తీగ. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే రైతులకు ఇది సులభంగా అర్థమవుతుంది. పురుగు మేత మాని గూడు కట్టడానికి సిద్ధమయ్యే వేళకు దాని పొట్టలో పట్టు గ్రంథులు నిండుగా వుంటాయి గదా. ఆ సమయానికి పురుగును తీసి వినిగర్‌లో, అంటే పులిసిన ద్రావకంలో ఊరవేస్తారు. తరువాత చీల్చి, ఆ గ్రంథిని రెండు కొసలా పట్టుకుని ఒక్కసారి లాగుతారు. గ్రంథి సాగి, గాలి తగిలి, గట్టిపడి, గాజుతీగ వంటి దారమవుతుంది. నీటిలో కంటికి ఆనదు. సన్నం, గట్టి.

స్పెయిన్ దేశంలోని ముర్సియా ప్రాంతం ఈ పరిశ్రమకు పుట్టినిల్లు వంటిది. అక్కడి రైతులు మల్బరీ చెట్లు పెంచి పురుగులు మేపేవారు. ఆ తీగ ప్రపంచమంతటా గాలాలకూ, ఆస్పత్రులలో గాయాలు కుట్టడానికీ ఎగుమతి అయ్యేది. కాని ఒక్కొక్క పురుగు ఇచ్చే తీగ పొడవు జానెడో మూరెడో. అందువల్ల మొత్తం దారానికి పనికిరాలేదు. గాలం పక్కన కట్టే చివరి ముక్కగానే వాడారు. ఎండిన తీగ పెళుసుగా విరుగుతుంది గనుక వేటకు ముందు నీటిలో నానవెయ్యవలసి వచ్చేది. ఈ చివరి ముక్కకే ఇప్పుడు లీడరు అని పేరు. మాట కొత్తదైనా ఏర్పాటు పాతదే.

సముద్రపు వేటకు అవిసెనార దారం నిలిచింది. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన కటీహంక్ అనే చిన్న దీవి వున్నది. అక్కడ 1864లో ధనికులు కొందరు వేట సంఘం పెట్టుకుని, రాళ్ళమీద నిలబడి పెద్ద చేపలు పట్టేవారు. వారు వాడిన అవిసె దారానికి ఆ దీవి పేరే వచ్చింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 1824లో మొదలైన ఆషవే కంపెనీ ఈ కటీహంక్ దారానికి పేరుపొందింది. దాని కొలత చాలా నిజాయితీ కొలత. దారంలో ఎన్ని పోగులుంటే, పోగుకు మూడు పౌన్ల చొప్పున తడిసినప్పుడు భరించే బరువు. తొమ్మిది పోగుల దారమంటే 27 పౌన్లు, అనగా సుమారు 12 కిలోలు. కొనేవాడు పోగులు లెక్కపెట్టుకుని బలం తెలుసుకోవచ్చు.

అవిసె దారంలో ఒక గొప్ప గుణం, ఒక పెద్ద దోషం వున్నాయి. తడిస్తే బలం పెరుగుతుంది. పత్తి దారానికీ అదే గుణం. తడిపి వదిలేస్తే మాత్రం కుళ్ళిపోతుంది. అందుచేత సాయంత్రం ఇంటికి రాగానే దారమంతా రీలునుంచి విప్పి, మంచినీటిలో కడిగి, ఆరబెట్టే చట్రానికి చుట్టి ఎండబెట్టవలసి వచ్చేది. ఒక్క రాత్రి బద్ధకిస్తే మరునాడు చేప పోయినట్లే.

మన తీరంలోనూ ఇదే కష్టం. మన జాలరులు పత్తి, జనుము దారాలతో వలలు అల్లుకునేవారు. కుళ్ళకుండా వగరు బెరడు కాచిన నీటిలో వలలను ముంచి, ఒడ్డున గుంజలమీద ఆరవేసేవారు. మళ్ళీ కొన్నాళ్ళకు మళ్ళీ ముంచాలి. వేటకెంత శ్రమో, వల ఆరవేతకూ అంత శ్రమ. ఆ శ్రమ వెనక మెట్టరైతుకు ఒక లాభమూ వుండేది. అతని జనుపనారకు ఒడ్డున ఒక గిరాకీ వుండేది.

ఇక రీలు సంగతికి వద్దాం. దారం ఎంత మంచిదైనా దాన్ని దూరానికి పంపే సాధనం కావాలి. పాత రీలు బండిచక్రం వంటిది. ఎర ఎగిరినంతసేపూ చక్రం తిరుగుతూ దారం వదులుతుంది. ఎర వేగం తగ్గినా చక్రం వేగం తగ్గకపోతే దారం పిచ్చుకగూడు కడుతుంది. బొటనవేలితో దాన్ని అదుపుచెయ్యడం నేర్వడానికే కొంత కాలం పట్టేది. స్కాట్లండులోని పెర్త్ పట్టణానికి చెందిన పీటర్ మాలక్ 1884లో ఒక మార్పు చేశాడు. విసిరేముందు చక్రాన్ని పక్కకు తిప్పేటట్లు అమర్చాడు. అప్పుడు దారం చక్రం అంచుమీదుగా వూడి వచ్చేది, చక్రం తిరగనక్కరలేదు.

తరువాత అసలైన మార్పు తెచ్చినవాడు బట్టల మిల్లు ఆసామి. పేరు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్, వూరు ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్. అది ఉన్ని మిల్లుల పట్టణం. 1905లో అతడు కదలని కండె గల రీలుకు పేటెంటు పుచ్చుకున్నాడు. చీరాల, మంగళగిరి వైపు నేతపని చూసినవారికి దీని కిటుకు వెంటనే తెలుస్తుంది. మర మగ్గపు నాడెలో కండె కదలదు. దారం కండె కొనమీదుగా జారి వస్తుంది. నాడె ఎంత వేగంగా పోతే దారం అంత వేగంగా వూడుతుంది, నాడె ఆగితే దారమూ ఆగుతుంది. ఇల్లింగ్‌వర్త్ రీలు చేసినది కూడా ఇదే. ఎర నాడె వంటిది, రీలు కండె వంటిది. తిరిగే చక్రం లేదు గనుక పిచ్చుకగూడు తగ్గింది. నేర్పు లేనివాడు కూడా తేలికపాటి ఎరను దూరం విసరగలిగాడు. ఇవాళ మీ కుర్రవాడు కొన్న స్పిన్నింగు రీలు ఈ వంశంలోదే.

కాని ఆ రీలుకు తగిన దారం అప్పటికి లేదు. కటీహంక్ దారం లావు. కండె అంచుకు రాసుకుంటూ వస్తుంది గనుక దూరం పోదు. సన్నని పట్టుదారం వాడారు. అందువల్లనే ఇంగ్లండులో ఈ వేటకు దారపు వేట అన్న అర్థమిచ్చే పేరు వచ్చింది. పట్టు సన్నమేగాని, ఖరీదు, నీరు పీలుస్తుంది, కుళ్ళుతుంది. రీలు ముందు పుట్టింది, దానికి సరిజోడైన దారం కోసం ముప్పై యేళ్ళకు పైగా కాచుకుని కూర్చున్నది.

ఆ దారం పొలంలో పుట్టలేదు, ప్రయోగశాలలో పుట్టింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త, అతని తోటివారూ 1935 ఫిబ్రవరి 28న నైలాన్‌ను తయారుచేశారు. కరోథర్స్ 1937లో చనిపోయాడు, తన దారం లోకాన్ని ఎలా మార్చిందో చూడలేదు. 1938లో కంపెనీ దాన్ని లోకానికి ప్రకటించింది. మొదట పళ్ళు తోముకునే బ్రష్షు కుచ్చుగా అమ్మకానికి వచ్చింది. 1939లో గాలపు దారంగానూ, 1940లో ఆడవారి మేజోళ్ళుగానూ బజారుకెక్కింది. జర్మనీలో పాల్ ష్లాక్ 1938లోనే మరొక పద్ధతిలో ఇటువంటి దారాన్నే తీశాడు. దానికి పెర్లాన్ అని పేరు పెట్టారు.

మన తీరంలో తంగూసు అని పిలిచేది ఈ దారాన్నే. పేనవలసిన పని లేదు, అల్లవలసిన పని లేదు, ఒకటే పోగు. కుళ్ళదు. ఆరబెట్టనక్కరలేదు. నీటిలో అంతగా కనిపించదు. రబ్బరులాగా కొంత సాగుతుంది. కాని మొదటి రకాలు తీగలాగా బిరుసుగా వుండేవి. చుట్టిన చుట్ట చుట్టలాగే లేచి వచ్చేది. అందుచేత కొన్నాళ్ళు అల్లిన దారాలే పైచెయ్యిగా వున్నాయి. 1950లలో డేక్రాన్ అనే పాలియెస్టరు దారం అల్లి అమ్మారు. 1959లో డ్యూపాంటువారే స్ట్రెన్ అనే పేరుతో మెత్తని, సన్నని రకం తెచ్చారు. ఫ్రాన్సులోని మిచెల్ రీళ్ళవంటివి యుద్ధానంతరం దేశదేశాలకు పాకాయి. ఇల్లింగ్‌వర్త్ రీలుకు జోడు అప్పటికి కుదిరింది.

ఈ పెండ్లిలో నష్టపోయినవారెవరు? ముర్సియాలో పట్టుతీగ పరిశ్రమ పడిపోయింది. తరతరాలుగా చేతికి వచ్చిన నేర్పు రెండు దశాబ్దాలలో పనికిరానిదయింది. మన దేశంలోనూ 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడిన కాలానికి అటూ ఇటూగా నైలాన్ వలలు తీరానికి రాసాగాయి. క్రమంగా పత్తి, జనుము వలలు కనుమరుగైనాయి. జాలరికి ఆరవేసే శ్రమ తప్పింది, వల యెక్కువ కాలం మన్నింది. రైతు జనుముకు ఆ గిరాకీ పోయింది. పచ్చిరొట్టగా, పశువుల మేతగా నిలిచింది గనుక పైరు మాత్రం బతికింది. ఒకే పైరుకు ఒకే గిరాకీని నమ్ముకున్నవాడి గతి ఏమవుతుందో, రెండు మూడు ఉపయోగాలున్న పైరు ఎలా తట్టుకుంటుందో ఈ కథ చెబుతున్నది. విస్తరణాధికారులు ఈ మాట రైతులకు జ్ఞాపకం చెయ్యవచ్చు.

నైలాన్ తరువాత ముఖ్యంగా రెండు దారాలు వచ్చాయి. జపానులోని కురేహా కంపెనీ 1971లో ఫ్లోరోకార్బన్ దారాన్ని సీగార్ పేరుతో తెచ్చింది. ఇది నీటికంటె చాలా బరువు, నీరు పీల్చదు, రాపిడికి ఓర్చుకుంటుంది. వెలుగు వంచే గుణంలో నైలాన్ కంటె నీటికి దగ్గర గనుక చేప కంటికి తక్కువగా కనిపిస్తుంది. వెనకటి పట్టుపురుగు తీగ చేసిన పనిని ఇప్పుడు ఇది చేస్తున్నది. రెండోది పాలిథిన్ జాతిదే, కాని మహాబలం కలది. నెదర్లాండ్స్‌లో డీఎస్‌ఎం కంపెనీకి చెందిన స్మిత్, లెమ్‌స్ట్రా అనేవారు 1970ల చివర దీన్ని తీసే పద్ధతి కనిపెట్టారు. డైనీమా, స్పెక్ట్రా అన్న పేర్లు దీనివే. సమాన బరువులో ఉక్కుకంటె ఎన్నో రెట్లు గట్టి. 1990లలో సన్నని పోగులుగా అల్లి గాలపు దారం చేశారు. దీన్నే బ్రెయిడు అంటారు. దుకాణదారులు పీఈ అని కూడా అంటారు.

సరే, మన కుర్రవాడికి ఏది? ఒక్కొక్క గుణమూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది లావు. దారం బలం లావుతో పాటు త్వరగా పెరుగుతుంది. లావు రెట్టింపైతే బలం దాదాపు నాలుగు రెట్లు. కాని విసురు దూరాన్ని తగ్గించేది కూడా లావే. మామూలు నైలాన్ 0.30 మిల్లీమీటర్లది సుమారు 5 కిలోలు మోస్తుంది. బ్రెయిడు అంతకంటె చాలా సన్నమై వుండి యెక్కువ మోస్తుంది. జపాను కొలతలో 1వ నంబరు దారం లావు 0.165 మిల్లీమీటర్లు. ఆ లావు గల మంచి బ్రెయిడు 7, 8 కిలోల వరకు భరిస్తుంది. కాబట్టి దూరానికి బ్రెయిడే గెలుస్తుంది.

రెండోది సాగుడు. నైలాన్ తెగేలోగా నూటికి ఇరవై వంతులకు పైగా సాగుతుంది. బ్రెయిడు నూటికి నాలుగైదు వంతులు కూడా సాగదు. సాగని దారంతో చేప ముట్టిన సంగతి వెంటనే చేతికి తెలుస్తుంది. కాని కొత్తవాడు కంగారుగా గుంజితే గాలం చేప నోటినుంచి చీల్చుకుని వస్తుంది, లేదా ముడి తెగుతుంది. సాగే దారం కొత్తవాడి తప్పును కాస్త ఓర్చుకుంటుంది.

మూడోది రాపిడి. ఇసుక ఒడ్డు వేరు, రాతి ఒడ్డు వేరు. భీమిలి, విశాఖ వైపు రాళ్ళలో ఆలుచిప్పలు కత్తుల్లా వుంటాయి. బిగువుగా వున్న బ్రెయిడు ఆ అంచుకు తగిలితే పుటుక్కున తెగుతుంది. లావు నైలాన్ కొంత సేపు నిలుస్తుంది. పండుగప్పకు దవడ పక్క రేకు పదునైనది, అదీ దారాన్ని కోస్తుంది.

నాలుగోది చిక్కు. కదలని కండెనుంచి దారం ఒక్కొక్క చుట్ట వూడినప్పుడల్లా ఒక్కొక్క మెలిక పడుతుంది. తిరిగి చుట్టేటప్పుడు ఆ మెలిక పోతుంది. కాని చేప గుంజి దారం జారుతున్నప్పుడు పిడి తిప్పుతూనే వుంటే మెలికలు పేరుకుంటాయి. నైలాన్ చిక్కు ఓపికగా విప్పవచ్చు. బ్రెయిడులో గాలి ముడి పడితే కొత్తవాడి చేత కాదు, కత్తే గతి. ఖరీదైన దారం ఒక్క ఉదయంలో సగం పోతుంది.

అందుచేత నా సలహా ఇది. ఇసుక ఒడ్డున మొదలుపెట్టేవాడు 0.28 నుంచి 0.30 మిల్లీమీటర్ల నైలాన్ వెయ్యాలి. రాళ్ళ ఒడ్డున 0.35 వెయ్యాలి. ఎర, సీసపు గుండు కలిసి 30 గ్రాములు దాటకుండా చూసుకోవాలి. 60 గ్రాముల దాకా విసరదలిస్తే, ముందు భాగాన గెడ పొడవుకు రెండింతలు 0.50 లావు నైలాన్ ముక్క అతకాలి. విసురు పోటు ఆ లావు ముక్క భరిస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే గుండు తెగి పక్కవాడి తలకు తగిలే ప్రమాదముంది. ఒక సంవత్సరం ఇలా చేతికి అలవాటైన తరువాత, అప్పుడు బ్రెయిడు కొనుక్కోవచ్చు. దాని కింద కొన్ని చుట్లు నైలాన్ వెయ్యాలి. లేకపోతే నున్నని కండెమీద మొత్తం దారమే జారుతుంది. ముందర నైలానో, ఫ్లోరోకార్బనో లీడరుగా కట్టాలి. బ్రెయిడును ఎన్నడూ చేతికి చుట్టుకుని లాగరాదు, వేలు తెగుతుంది.

దారం చుట్టే పద్ధతిలోనూ శ్రద్ధ కావాలి. రీలు పక్కన ఎంత లావు దారం ఎన్ని మీటర్లు పడుతుందో చెక్కి వుంటుంది, చదువుకోండి. కండె అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా వచ్చేదాకా నింపండి. తక్కువైతే దారం అంచుకు రాసుకుని దూరం తగ్గుతుంది. మరీ నిండితే చుట్టలు చుట్టలుగా ఒక్కసారి వూడుతుంది. చుట్టేటప్పుడు తడిగుడ్డలో దారం పట్టుకుని బిగువుగా చుట్టండి. ముడి బిగించేముందు ఉమ్మితోనో, నీటితోనో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. రీలు మీది జారుడు మరను దారం బలంలో నాలుగో వంతుకు సరిపడా బిగిస్తే చాలు. 5 కిలోల దారమైతే 1¼ కిలో గుంజుకు జారాలి.

విస్తరణాధికారులకు ఒక మాట. డబ్బామీద రాసిన బలాన్ని నమ్మమని ఎవరికీ చెప్పకండి, పరీక్షించి చూపండి. ఇది చాలా తేలిక. దారం ఒక కొస కొమ్మకు కట్టండి, రెండో కొస ఖాళీ బకెట్టుకు కట్టండి. బకెట్టు బరువు ముందుగా తూచుకోండి. తరువాత లీటరు చొప్పున నిదానంగా నీరు పొయ్యండి. లీటరు నీరు కిలో బరువు గదా. ఎక్కడ తెగితే అదే దాని బలం. ఒకసారి పొడి దారంతో, ఒకసారి గంటసేపు నానిన దారంతో, ఒకసారి పొడిగా బిగించిన ముడితో, ఒకసారి తడిపి బిగించిన ముడితో చేసి చూపండి. నైలాన్ నానితే నూటికి పది పదిహేను వంతులు బలం తగ్గుతుంది. పత్తికి, అవిసెకు ఇది సరిగా తలకిందులు. పాత దారాలు తడిసి బలపడి, కుళ్ళి చచ్చేవి. కొత్త దారం తడిసి కొంచెం తగ్గుతుంది గాని కుళ్ళదు. నలుగురు చూస్తుండగా బకెట్టు కిందపడితే ఆ పాఠం ఎవరూ మరువరు.

కుళ్ళదన్న మాటతో మన కథ అసలు చోటికి వచ్చింది. కుళ్ళని దారం చెడదని అనుకోకండి. ఎండ దాన్ని తింటుంది. ఎండలో పడివున్న నైలాన్ తెల్లబారి పెళుసవుతుంది. వేట అయ్యాక రీలును, దారాన్ని మంచినీటితో తడిపి నీడన పెట్టండి. ప్రతి వేటకు ముందు చివరి రెండు బారల దారాన్ని గోటితో తడిమి, గరుకు తగిలితే కోసివెయ్యండి. ఏడాదికొకసారైనా నైలాన్ మార్చండి.

మరి కోసిన ముక్క ఏమి చెయ్యాలి? కటీహంక్ దారం కోసి పారవేస్తే మట్టిలో కలిసేది. తంగూసు కలవదు, ఏళ్ళ తరబడి అలాగే పడివుంటుంది. ఒడ్డున మేసే ఆవు కడుపులోకి పోతుంది. కొంగ కాలికి చుట్టుకుంటుంది. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు రెక్కకు తగులుకుంటుంది. గాలిపటాల నైలాన్ మాంజా పక్షుల మెడలే గాక మనుషుల మెడలు కూడా కోస్తున్నదని 2017లో జాతీయ హరిత న్యాయస్థానం నిషేధించింది. మీ రీలుమీది దారం, ఆ మాంజా ఒక్క తల్లి బిడ్డలే. కాల్చవద్దు, పొగ మంచిది కాదు. జానెడు ముక్కలుగా కత్తిరించి, సీసాలో వేసి ఇంటికి తెచ్చి, చెత్తబండికి ఇవ్వండి.

మీ తాతల కాలపు జాలరి ప్రతి సాయంత్రం గంటసేపు తన దారానికి ఊడిగం చేశాడు. ఆరవేశాడు, కాచిన బెరడు పట్టించాడు, కుళ్ళిన చోట తిరిగి పేనాడు. ఆ గంట మీకు మిగిలింది. అందులో ఒక్క నిమిషం వెచ్చించి, మీరు కోసిన ముక్కలు ఏరుకుని రండి. ఒడ్డున మేసే ఆవు మీదో, మీ పొరుగువాడిదో అయివుంటుంది.